చెప్పుల స్టాండుకు చేతులు మొలిచిన రోజులు

ఆ రోజుల్లో అత్తగారింట అడుగుపెట్టిన ప్రతి కొత్త కోడలికీ అక్కడ ఏదో ఒకదాన్ని బాగుచేసెయ్యాలనే దురద ఉండేదనుకుంటాను. (ఇప్పటి అమ్మాయిలకు ఉందో లేదో తెలియదు, వాళ్లకు మాకంటే తెలివి ఎక్కువ.) కొందరు వంటింటి డబ్బాల మీద పడతారు, కొందరు మొగుడి మీద పడతారు. మొగుడు అంత తొందరగా బాగుపడే వస్తువు కాదని పెళ్లయిన కొత్తల్లోనే అర్థమైపోయింది కాబట్టి, నా చూపు వాకిటి గదిలోని చెప్పుల స్టాండు మీద పడింది. అప్పుడు నన్ను ఎవరైనా ఆపి ఉంటే బాగుండేది. ఆపలేదు. పైగా మా ఆయన నేనెక్కిన స్టూలు కదలకుండా పట్టుకున్నాడు.

మాది బాగేపల్లి తాలూకా చాకవేలు. సేద్యం చేసుకొనే ఇల్లు. నేను బాగేపల్లిలో డిగ్రీ, చిక్కబళ్లాపురంలో బీఈడీ చదివి, చింతామణిలో విత్తనాల అంగడి ఉన్న వాళ్లింటికి కోడలిగా వచ్చాను. పొద్దున్నే అంగడికి పోయే మామగారు, రోజూ చిక్కబళ్లాపురం ఆఫీసుకు బైకులో పోయివచ్చే మా ఆయన, ఇంజనీరింగు చదువుతున్న మరిది, వీళ్లందరినీ నడిపించే మా అత్తగారు. ఇదీ మా సంసారం. కింద వాళ్లంతా, మిద్దె పైగదిలో మేమిద్దరం.

వీధి తలుపు తియ్యగానే కనపడేది ఆ స్టాండు. మామగారి పెళ్లినాటి టేకు సామాను. కింద చెప్పులకు తలుపుల అర, దానిపైన నిలువుటద్దం, అద్దం నెత్తిమీద మూడంటే మూడు ఇత్తడి కొక్కేలు. ఆ మూడింటి మీదే ఇంటిల్లిపాది హెల్మెట్లు, రెయిన్‌కోట్లు, గొడుగు, కాలేజీ బ్యాగు, టమోటాల సంచులు, ఎప్పుడో వచ్చిపోయిన చుట్టం మరిచిపోయిన మఫ్లరు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. ఆ గుట్ట వెనక అద్దం ఒకటి ఉందని నాకు కాపురానికి వచ్చిన చాలా రోజులకు గానీ తెలియలేదు. ఒకరోజు వర్షం హడావుడిలో మరిది సంచి మామగారు, మామగారి సంచి మరిది పట్టుకుపోయారు. కాకర విత్తనాలు అడిగిన రైతు ముందు మామగారు సంచిలోంచి డ్రాయింగు స్కేలు తీశారట. అక్కడ కాలేజీలో మరిది టేబులు మీద కాకర విత్తనాల పొట్లాలు పరిచాడట. ఆ సాయంత్రం అత్తగారు నాతో, "చూసినావామ్మే ఈ స్టాండు బాగోతం? దీనికింకా నాలుగు కొక్కేలు కొట్టియ్యప్పా అని మీ మామకి ఎన్నేండ్ల నుంచి చెప్తాండానో! గోడకి చెప్పినట్టే ఉండాది" అన్నారు.

ఆమె విసుక్కున్నారు, అంతే. నాకు మాత్రం అది నా పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది. పైగదిలో కూర్చుని ఫోనులో వీడియోల మీద వీడియోలు చూశాను. ఎక్కడో చలిదేశాల్లో ఒకావిడ తెల్లటి ఇంట్లో, తెల్లటి చొక్కా మీద దుమ్ము పడకుండా, వాకిటి బీరువాకు చెక్క పట్టీ బిగించి కొక్కేలు తగిలించేసి, చేతులు దులుపుకొని కాఫీ తాగేది. ఇంతేనా అనుకున్నాను. మర్నాడే బజారుకు పోయి ఇనుప సామాన్ల అంగడిలో కొక్కేలు అడిగితే, అంగడాయన నేను చెప్పిన లెక్క విని కళ్లద్దాలు పైకి నెట్టి, "ఏనమ్మా, మనెగా ఛత్రక్కా?" అన్నాడు కన్నడంలో. ఇంటికా, కల్యాణమంటపానికా అని. ఇంటికే అన్నాను గంభీరంగా.

"వడ్రంగాయన్ని పిలుద్దాంలే" అన్నాడు మా ఆయన. "దీనికేంటికి వడ్రంగి? నేనే చేస్తా, చూడు" అన్నాను. ఎదురింటి అత్త కొడుకుది డ్రిల్లు మిషన్ ఒకటి ఉంటే అరువు తెచ్చాను. మా ఎదురింటావిడ మా అత్తగారికి ప్రాణస్నేహితురాలు కాబట్టి నేను కూడా ఆమెను అత్తా అనే పిలిచేదాన్ని. ఆ ఆదివారం మా వాకిటి గదిలో జరిగిన యుద్ధం గురించి ఎక్కువ చెప్పను. వీడియోలోని ఆవిడకు దుమ్ము ఎందుకు పడలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు జుట్టులో, కనుబొమ్మల్లో, చివరికి పళ్ల మధ్య కూడా పడింది. మొదటి రంధ్రం నేననుకున్న చోటికి జానెడు పక్కన పడింది. దాన్ని సరిచెయ్యబోతే రెండోది ఇంకొంచెం కిందికి జారింది. పొద్దు వాలేసరికి స్టాండు నెత్తిమీద పొడుగాటి చెక్క పట్టీ ఒకటి నిలిచింది. స్టాండు వెడల్పు దాటి అటూ ఇటూ గోడ మీదికి సాగి, ఎడమవైపు కొంచెం పైకీ, కుడివైపు కొంచెం కిందికీ ఉంది. మరిది వచ్చి, తల పక్కకు వంచి చూసి, "వదినా, మీ చేనులో బెదురుబొమ్మని తెచ్చి ఈడ నిలబెట్టినావా?" అన్నాడు. చేతులు చాపుకున్న బెదురుబొమ్మలాగే ఉంది మరి. అయినా నాకు అది రథంలా కనిపించింది.

అంతటితో ఊరుకున్నానా? ఎవరి కొక్కెం వాళ్లకు తెలియాలని నా స్టిక్కరు బొట్లు తెచ్చి కొక్కేల మీద అంటించాను. మామగారికి పెద్ద ఎర్ర బొట్టు, మా ఆయనకు నీలం, మరిదికి ఆకుపచ్చ, నాకు తిలకం ఆకారంలో మెరుపులది. "ఒక్కొక్కరికీ సంచికి ఒకటి, హెల్మెట్టుకి ఒకటి, గొడుగుకి ఒకటి. ఇంక ఎవురి వస్తువు వాళ్లదే" అని అందరినీ వరసగా నిలబెట్టి పాఠం చెప్పాను. (బీఈడీ చదివి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న మనిషి, ఎక్కడో ఒకచోట పాఠం చెప్పాలి కదా.) అత్తగారికి మాత్రం కొక్కెం పెట్టలేదు. ఆమె చిన్న పర్సు నడుముకే ఉండేది. ఆమె ఎక్కడికి పోతుంది గనక, ఏం తగిలిస్తుంది గనక అనుకున్నాను. ఆమె కూడా అడగలేదు.

మొదటి వారం నా పేరు వీధంతా మోగింది. ఎదురింటి అత్త వచ్చి చూసి, "కోడలంటే ఇట్లుండల్ల!" అంది. ఎవరైనా వస్తే మెచ్చుకోవడానికి మనిషి అందుబాటులో ఉండాలి కదా అని నేను రోజంతా వాకిటి గదిలోనే ఏదో పని కల్పించుకొని తిరిగాను. మూసిందాన్నే మూసి, తుడిచిందాన్నే తుడిచి ఆ టేకు చెక్కను అరగదీశాను.

రెండో వారం నుంచి కథ మారింది. అత్తగారు మధ్యాహ్నాలు కూరగాయలు తరుక్కుంటూ కూర్చునే దివాను ఆ స్టాండుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. ఇన్నాళ్లూ ఆమెకు కనిపించింది ఒక గుట్ట. ఇప్పుడు ఆ గుట్ట విడిపోయి, ఇంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో, పోయినవాళ్లు ఎక్కడికి పోయారో పేరుపేరునా కనిపించసాగింది. ఒకరోజు మామగారు మండీలో పని ఉందని చెప్పి బయలుదేరి వెళ్లి వచ్చారు. అత్తగారు చిక్కుడుకాయ ఈనె తీస్తూ, తల ఎత్తకుండా, "మండీకి పోయేవాళ్లు లెక్కల సంచి లేకుండా యాడికి పోతారప్పా? సంచి కొక్కేనికే ఉండాది, గొడుగు మాత్రం పోయింది. స్వీటంగడి కాడికేనా?" అన్నారు. మామగారికి షుగరు. మీసం మీద ఏదో అంటుకొని ఉందేమోనని ఆయన తుడుచుకున్నారు. దాంతో దొరికిపోయారు.

తర్వాత మరిది. కాలేజీకి అని పోయాడు, బ్యాగు ఇక్కడే వేలాడుతోంది, క్రికెట్ టోపీ కనపడలేదు. తర్వాత మా ఆయన. బాగేపల్లిలో సహోద్యోగి ఇంట్లో శుభకార్యం అన్నాడు, నీలం బొట్టు కింద హెల్మెట్టు కదలకుండా ఉంది. "బాగేపల్లికి హెల్మెట్టు లేకుండా పోయినాడంటే వాడు పోలేదనే. సందులో స్నేహితుడింట్లో క్యారమ్స్ ఆడతాండాడు, పోయి పిల్చుకొని రా" అన్నారు అత్తగారు. పోయాను. ఆడుతున్నాడు. రెడ్ కాయిన్ వేసే సమయానికి నేను గుమ్మంలో ప్రత్యక్షమయ్యాను.

మగవాళ్ల కోపం అత్తగారి మీద చూపించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కాబట్టి అది నా మీదికి తిరిగింది. మామగారు నాతో మాట్లాడటం తగ్గించేశారు. ఒకసారి మాత్రం, "స్టాండు బాగుచేస్తావనుకొంటిమి గానీ తల్లీ, ఇంట్లో పోలీస్ స్టేషన్ పెట్టిస్తావనుకోలేదు" అన్నారు. ఆయన చాలా నెమ్మదిగా అన్నారు. అందుకే ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఆ రాత్రి పైగదిలో ఏడ్చాను కూడా. మెచ్చుకోళ్ల కోసం చేసిన పని ఇలా తిరగబడితే కొత్త కోడలికి ఎలా ఉంటుంది చెప్పండి! మా ఆయన ఓదార్చకుండా, "పోనీ ఇంకొక హెల్మెట్టు కొంటాలే" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు, వారం తిరక్కుండానే అర్థమైంది. కొత్త హెల్మెట్టు బండి డిక్కీలో, పాత హెల్మెట్టు కొక్కేనికి శాశ్వతంగా. మామగారికి అలాంటిదే రెండో గొడుగు వచ్చింది. మరిది తెలివి ఇంకో రకం, అది తర్వాత బయటపడింది. కొక్కేలు మళ్లీ నిండిపోయాయి. అత్తగారు దివాను మీద కూర్చుని, ఇంట్లో అందరూ ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయారని సంతోషపడ్డారు.

ఆ అబద్ధాల్లో నా అబద్ధం కూడా ఒకటి వేలాడుతోందని చెప్పాలి. బాగేపల్లి రోడ్డులో ఒక బడివాళ్లు నన్ను టీచరుగా తీసుకుంటామన్నారు. కానీ అక్కడికి బస్సు సమయం కుదరదు, సొంతంగా రాగలిగితేనే చేరమన్నారు. స్కూటరు నేర్చుకుంటానంటే అత్తగారు ససేమిరా. ఎప్పుడో మామగారి మోపెడ్ వెనక కూర్చుని కైవారం పోతూ కిందపడ్డారట. అప్పటి నుంచి రెండు చక్రాల బండి ఎక్కిన ఆడమనిషి ఇంటికి తిరిగిరాదని ఆమె నమ్మకం. నాకేమో ఆ ఉద్యోగం కావాలి. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఒకతె చింతామణిలోనే కాపురం ఉండేది. ఆమె స్కూటరు మీద, కాలేజీ గ్రౌండులో, అత్తగారు నిద్రపోయే మధ్యాహ్నం వేళ నేర్చుకోవడానికి ఏర్పాటు చేసుకున్నాను. హ్యాండ్‌బ్యాగు మెరుపుల బొట్టు కింద తగిలించి, చెప్పులు చేత్తో పట్టుకొని, వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి పోయేదాన్ని. నా కొక్కేలను నేనే మోసం చేస్తున్నానని మొదటిరోజు కొంచెం బాధపడ్డాను. రెండోరోజు పడలేదు.

స్కూటరు ముందుకు పోవడం తొందరగానే వచ్చింది, ఆగడం రాలేదు. ఒక మధ్యాహ్నం గ్రౌండు చివర తిప్పబోయి, తిప్పకుండా, గేటు దాటి, నేరుగా రోడ్డు పక్కన బజ్జీల బండి వైపు పోయాను. "బ్రేకే! బ్రేకు!" అని వెనకనుంచి స్నేహితురాలి కేక. నేను హారన్ నొక్కాను. బజ్జీలాయన చట్టి పట్టుకొని పక్కకు దూకాడు. స్కూటరు ఇసుకగుట్ట మీద ఒరిగింది, నేను దాని పక్కనే కూలబడ్డాను. మోకాలి దగ్గర చుడీదారు చిరిగింది. తల ఎత్తితే, బండి ముందు బల్ల మీద, కాగితం పొట్లంలో మిరపకాయ బజ్జీలు పెట్టుకొని, ఒకటి సగం కొరికి, నోరు తెరిచి నన్నే చూస్తున్న మనిషి మా అత్తగారు. పక్కన ఎదురింటి అత్త.

నూనెవి పడటం లేదు, గ్యాసు అని చెప్పి, నెలరోజులుగా ఇంట్లో మాకందరికీ కూడా చప్పటి కూరలు పెడుతున్న అత్తగారు!

"నువ్వు... మిద్దె పైన కదమ్మే ఉండావు?" అన్నారు ఆమె. "నీ బ్యాగు కొక్కేనికే ఉండాదే! చూసే వచ్చినా!"

"మీరు నిద్రపోతాండారు కదత్తా?" అన్నాను నేను ఇసుకలోంచే.

"నేను రోజూ ఇదే టయానికి వస్తాండా."

"నేనూ రోజూ ఇదే టయానికే, గ్రౌండుకి."

ఎదురింటి అత్తకు నవ్వాగలేదు. "మీ అత్తకీ కొక్కెం పెట్టి ఉంటే తెలిసుండేదమ్మా నీకు!" అంది నాతో. అప్పుడు తట్టింది. ఇంటిల్లిపాదికీ గుర్తులు పెట్టి, ఒక్క మనిషిని మాత్రం ఎక్కడికీ పోదులే అని వదిలేశాను. ఆమె ఆ ఇంట్లో అందరికంటే స్వేచ్ఛగా తిరుగుతోంది. నవ్వబోయాను. అంతలో అత్తగారి ముఖం పాలిపోయింది.

"అయితే ఇంట్లో ఎవురుండారే?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేనున్నానని ఆమె, ఆమె ఉందని నేను, ఇద్దరం తలుపు దగ్గరికి వేసి వచ్చేశాం. బజారు వీధి ఇల్లు. బీరువాలో మామగారు మర్నాడు బ్యాంకుకు కట్టాల్సిన అంగడి సొమ్ము. ఆటో కోసం చూస్తే ఒక్కటీ లేదు. పరుగెత్తుకొచ్చిన స్నేహితురాలు స్కూటరు లేపి నిలబెడితే నేనెక్కాను. అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, బజ్జీల పొట్లం మడిచి పట్టుకొని, చీర కుచ్చిళ్లు దోపుకొని, నా వెనక స్కూటరు ఎక్కేశారు. "అత్తా, నాకింకా సరిగ్గా రాదు" అన్నాను. "వచ్చినంత తోలు!" అన్నారు.

చింతామణి రోడ్ల మీద టమోటా లారీల మధ్య ఆ రోజు నేను ఎలా పోయానో దేవుడికే తెలియాలి. గ్రౌండు దాటి బండి నడపడం అదే మొదటిసారి. సర్కిలు దగ్గర నెమ్మదించబోతే అత్తగారు నా భుజం మీద కొట్టి, "బ్రేకు ఏంటికేస్తావే! పోనీ! పోనీ!" అన్నారు. రెండు చక్రాల బండి అంటే వణికే మనిషి, అడ్డమొచ్చిన వాళ్లందరినీ, "జరుగప్పా! జరుగు!" అని నా హారన్ కంటే గట్టిగా అదిలిస్తున్నారు. భయంతో నా కళ్లలో నీళ్లు. అద్దంలో చూస్తే ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిటి గదిలో కొక్కేల మీద హెల్మెట్టు, గొడుగు, సంచి, నా బ్యాగు అన్నీ బుద్ధిగా వేలాడుతున్నాయి. లోపల వంటింట్లో డబ్బా మూత కిందపడిన చప్పుడు. అత్తగారు ఎర్ర బొట్టు కింది గొడుగు తీసుకున్నారు, నేను నీలం బొట్టు కింది హెల్మెట్టు తీసుకున్నాను. (అవసరానికి వస్తువు వెంటనే చేతికి అందడం అంటే ఏమిటో ఆ కొక్కేలు అప్పుడే మొదటిసారి చూపించాయి.) అడుగులో అడుగు వేసుకుంటూ పోయి వంటింట్లోకి తొంగిచూశాం. స్టూలు మీద మామగారు. మా అమ్మ చాకవేలు నుంచి పంపిన కజ్జికాయల డబ్బా ఒక చేతిలో, సగం కజ్జికాయ నోట్లో, మిగతా సగం మీసం మీద.

ఆయన మమ్మల్ని చూశారు. గొడుగెత్తిన భార్యను, ఆమె చేతిలో నూనె ఓడుతున్న పొట్లాన్ని, హెల్మెట్టు ఎత్తిన కోడలిని, చిరిగిన మోకాలిని, ఇసుకను.

"మీరు... బయట్నించి వస్తాండారా?" అన్నారు మామగారు, నోట్లోది మింగి.

"షుగరు పెట్టుకొని కజ్జికాయలు తింటాండావా?" అన్నారు అత్తగారు.

"గ్యాసు పెట్టుకొని బజ్జీలు తిన్నావా?"

అంతలో వెనక గది తలుపు తెరుచుకుంది. కళ్లు నులుముకుంటూ, చెంప మీద జిప్పు అచ్చుతో మరిది బయటికొచ్చాడు. "ఏమైందమ్మా? ఏం గలాటా?" అన్నాడు. కాలేజీలో ఉండాల్సిన మరిది. వాడు పొద్దున కొక్కెం మీది బ్యాగు భుజాన వేసుకొని, బయటికి పోయినట్టు పోయి, పెరటి తలుపులోంచి తన గదికే వచ్చి, ఆ బ్యాగునే తలకింద పెట్టుకొని నిద్రపోతున్నాడు. నా ఏర్పాటు ప్రకారం ఇంట్లో ఉన్నవాళ్లెవరూ ఇంట్లో లేరు. లేడన్న వాడొక్కడే పొద్దుట్నించీ ఇల్లు కాపలా కాశాడు.

ముందు నవ్వింది మామగారే. స్టూలు మీదే కూర్చుండిపోయి, కజ్జికాయ పొడి రాలుతుంటే నవ్వారు. ఆయన నన్ను చూసి నవ్వి ఎన్నాళ్లయిందో! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అత్తగారు మాత్రం గంభీరంగా పొట్లం విప్పి, మిగిలిన బజ్జీలు తుంచి అందరికీ పెట్టారు, మామగారికి సగమే. "ఇంక ఎవురూ ఎవురికీ చెప్పేది లేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ బడివాళ్లకి వస్తానని చెప్పు. బండి బాగానే తోల్తాండావు. మలుపుల్లో మాత్రం కొంచెం జంకు ఉండాది నీకు" అన్నారు. ఎన్నో ఏళ్లుగా బండ్లు నడిపిన మనిషిలాగా!

సాయంత్రం మా ఆయన వచ్చి, "ఏమి విశేషం?" అని అడిగాడు. ఏమీ లేదన్నాం, నలుగురం ఒకేసారి.

మర్నాడు నేను పశ్చాత్తాపంతో, "అత్తా, మీకూ ఒక కొక్కెం పెడతా" అన్నాను. "పెట్టినావంటే పీకి పారేస్తా" అన్నారు ఆమె. మామగారు ఒక్కొక్క బొట్టునూ గోటితో గీకి తీసేశారు. పట్టీ మాత్రం ఉంది. ఎవరిష్టం వచ్చినచోట వాళ్లు తగిలించుకునేవాళ్లు, వారంలో మళ్లీ గుట్ట తయారైంది, అందరూ సుఖపడ్డారు.

ఆ బడిలో ఇప్పటికీ పనిచేస్తున్నాను, ఆ దారిలో రెండు స్కూటర్లు అరగదీశాను. పిల్లలకు క్రమశిక్షణ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది, ఎందుకో వాళ్లకు తెలియదు. పొద్దున బయలుదేరేటప్పుడు వంకర పట్టీ కింద అద్దంలో ఒక్కొక్కసారి ఆ పాత పిల్ల కనిపిస్తుంది. జుట్టునిండా చెక్కపొట్టు, నుదుటి మీద చెమట, ఈ ఇంటిని ఈ పూటే బాగుచేసేస్తానన్న మొండి ముఖం. దాన్ని పిలిచి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. కానీ ఆ డ్రిల్లు మోతలో దానికి వినపడదులే అని నవ్వుకొని, హెల్మెట్టు పెట్టుకుంటాను.